కుడివైపు జేబు

ఇరవై రెండేళ్లుగా మనుషుల కొలతలు తీస్తున్నదాన్ని. ఎవరి భుజాలూ సమానంగా ఉండవని నాకు తెలుసు. సంచులు మోసేవాళ్లకు ఒకవైపు, పిల్లల్ని ఎత్తుకునేవాళ్లకు ఇంకోవైపు భుజం కాస్త జారి ఉంటుంది. మా చెల్లికి పుట్టుకతోనే ఎడమ భుజం అరంగుళం కిందికి. దాని స్కూలు చొక్కా దగ్గర్నుంచి అన్నీ నేనే కుట్టాను కాబట్టి ఆ అరంగుళం నా వేళ్లకు కంఠతా వచ్చు. ఎంత జనంలో ఉన్నా, వెనకనుంచి చూసినా, ఆ భుజాన్ని బట్టే దాన్ని పోల్చుకునేదాన్ని. ఆ వానాకాలం గురించి చెప్పాలంటే ముందు ఈ భుజం సంగతి చెప్పక తప్పదు.

మాది మూడు గదుల ఇల్లు. వీధిలోకి తెరుచుకునే ముందు గదే నా దుకాణం. కిటికీ కింద మిషను, ఎదురుగోడకు నిలువుటద్దం. గుమ్మంలోంచి లోపలికొస్తుంటే కుడిచేతి మూల బట్టలు వేసి చూసుకోవడానికి కట్టిన తెర, ఎడమచేతి మూల నాన్న కుర్చీ. నాన్న ఒకప్పుడు అచ్చాఫీసులో కంపోజిటరు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, తిరగేసి పేర్చి, తిరగేసే చదివే పని. ఆ పనిలోనే కళ్లు పాడయ్యాయి. అయినా పొద్దున్నే పేపరు రావడం ఆలస్యం, దాన్ని ముక్కుకు ఆనించుకుని మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివేవాడు. మధ్యాహ్నానికల్లా అచ్చుతప్పులన్నిటికీ పెన్సిలుతో సున్నాలు చుట్టిపెట్టేవాడు.

"అంత దగ్గరగా పెట్టుకోకు నాన్నా, కళ్లు పోతాయి" అని మేమిద్దరం పోరేవాళ్లం.

"పోవడానికి ఇంకేం మిగిలాయి కనక?" అనేవాడు పేపరు వెనకనుంచి.

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే చెల్లి పనిచేసే క్లినిక్కు మూసేశారు. నాలుగేళ్లు అక్కడ బల్ల వెనక కూర్చుని టోకెన్లు ఇచ్చింది. ఇంటికొచ్చి రెండు రోజులు పడుకుని, మూడోరోజు నా మిషను పక్కన ఫోను నిలబెట్టి వీడియో తీయడం మొదలుపెట్టింది. నేను బట్ట కత్తిరిస్తుంటే అది మడతలు పెట్టడం, దారం ఎక్కించడం, కిటికీ దగ్గర నిలబడి వాన చూడటం. మాటలుండవు. వాన చప్పుడు, మిషను చప్పుడు, మధ్యలో దాని మొహం.

"ఏముందే ఇందులో చూడటానికి?" అన్నాను.

"ఏమీ లేదక్కా. అందుకే చూస్తున్నారు."

"పనీపాటా లేనివాళ్లు ఇంతమంది ఉన్నారా లోకంలో?"

అది నవ్వలేదు. "క్లినిక్కులో రోజుకు నూరుమంది వచ్చేవాళ్లు. నాలుగేళ్లలో ఒక్కరు నా మొహం చూడలేదక్కా. టోకెను మీద నంబరే చూసుకున్నారు" అంది. ఆ మాట అంటున్నప్పుడు దాని గొంతు విని నేనింక వేళాకోళం చేయలేదు. పన్నెండేళ్లు పెద్దదాన్ని, అమ్మ పోయాక పెంచినదాన్ని, దానికిలాంటి ఆకలి ఒకటుందని నాకే తెలియదు.

నెల తిరిగేసరికి మా వీధివాళ్లే కాదు, ముక్కూమొహం తెలియనివాళ్లు వేలకొద్దీ దాన్ని చూడటం మొదలుపెట్టారు. దాని ఎడమబుగ్గ మీద ఆవగింజంత పుట్టుమచ్చ ఉంటుంది. ఆ మచ్చ అంటే వాళ్లందరికీ పిచ్చి. నేను కుట్టిన చొక్కా గౌన్లన్నా పిచ్చే. మెడ నుంచి మోకాళ్ల దాకా గుండీలు, గుండె మీద ఒక జేబు, అంతే ఆ గౌను.

ఒకరోజు నా కొలతల పుస్తకాన్ని వీడియో తీసింది. పాత పుస్తకం, అట్ట చిరిగి రెండుసార్లు కుట్టినది. ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పింది. అందులో నాన్న పేజీ కూడా ఉంది. ఛాతీ, భుజం, చెయ్యి, వాటి కింద నా గీతల రాతలో "కాలరు అరంగుళం వదులు. పేపరు చదివేటప్పుడు మెడ వంచుతాడు" అని. తీసినది నాన్నకు చూపించింది. నాన్న ఫోను కూడా ముక్కుకే ఆనించుకున్నాడు.

"అక్షరాలన్నీ తిరగబడ్డాయే" అన్నాడు.

"ఫోను అలాగే తీస్తుంది నాన్నా, అద్దంలో చూసుకున్నట్టు."

"అద్దం అనకు. ఇది సీసం. అచ్చు పడకముందు అక్షరం ఇలాగే ఉంటుంది" అని చదువుకుంటూ పోయాడు. తిరగబడ్డ అక్షరాలు చదవడానికి ఆయనకు ఒక్క క్షణం పట్టలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత పాత స్నేహితుడు కనపడ్డట్టు మొహం వెలిగిపోయింది.

చూసినవాళ్లు మాత్రం ఆడుకున్నారు. అక్షరాలు తిరగబడ్డాయంటూ ఒకటే నవ్వులు. చెల్లికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి అక్షరమనేది ఆ గదిలో ఉండకూడదని చట్టం చేసింది. గోడ మీద క్యాలెండరు పోయింది. దారాల డబ్బాల మీద కాగితాలు గీకేసింది. చివరికి నాన్న దగ్గరకొచ్చింది.

"నాన్నా, వీడియో తీసేంతసేపు పేపరు పక్కన పెట్టవా? వెనకాల కనపడుతోంది."

"మరి చేతులెక్కడ పెట్టుకోనమ్మా?"

"ఒళ్లో పెట్టుకో."

వీడియో తీసేది పది నిమిషాలే అనుకున్నాం. ఒకటికి పదిసార్లు తీసేది. వెలుతురు బాగుండేది పొద్దున్నే కాబట్టి పొద్దంతా దానికే సరిపోయేది. సాయంత్రానికి ఆ మబ్బు వెలుతురులో నాన్నకు అక్షరం కనపడేది కాదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. పేపర్లు మడత విప్పకుండానే వంటగదిలో దొంతరగా పెరిగాయి. నేను చూస్తూనే ఉన్నాను. చూస్తూ మిషను తొక్కుకున్నాను. ఎందుకు నోరెత్తలేదని ఇప్పుడు నన్ను నేను అడుగుతుంటాను. జవాబు తెలుసు. గౌన్లు కుట్టించుకోవడానికి గుమ్మం ముందు అమ్మాయిలు గొడుగులు వేసుకుని నిలబడుతున్నారు. నాకూ కళ్లు నెత్తికెక్కాయి.

వచ్చిన ప్రతి అమ్మాయీ ఒకటే అడిగేది. జేబు కుడివైపు ఉండాలి, గుండీలు కుడివైపు ఉండాలి. ఆడవాళ్ల బట్టకు గుండీలు ఎడమవైపు కుట్టడం మా పనిలో మొదటి పాఠం. "అది వీడియోలో అలా కనపడుతుందమ్మా, అసలు గౌనుకు జేబు ఎడమవైపే" అని చెప్పి చెప్పి నోరు పడిపోయింది. "వీడియోలో ఉన్నట్టే కుట్టండి" అనేవాళ్లు. సరే, మీ ఇష్టమని కుట్టాను.

ఒక మధ్యాహ్నం జోరువానలో ఇంకో అమ్మాయి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పి, గొడుగు ముడిచి, తలెత్తకుండా లోపలికొచ్చింది. ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్న ఇంట్లోలా తిన్నగా ఎడమచేతి మూలకు నడిచి తెర కోసం చెయ్యి చాచింది. అక్కడ తెర లేదు, నాన్న ఉన్నాడు. ఆమె చెయ్యి ఆయన భుజానికి తగిలింది.

"అయ్యో, సారీ అంకుల్" అని వెనక్కి జరిగి, గదంతా కలయజూసి, "మీ ఇల్లు తిరగబడిందేంటక్కా?" అంది.

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. పాపిడి, జడ, చేతికి గడియారం, అన్నీ మా చెల్లివే. కాకపోతే ప్రతిదీ అటుది ఇటు. కుడిబుగ్గ మీద మచ్చ ఉంది. టేపు పట్టుకుని దగ్గరకెళ్లినప్పుడు చూశాను. అది కాటుక చుక్క కాదు. సూదితో పొడిపించుకుంది.

భుజాలు కొలిచాను. కుడిది అరంగుళం కిందికి ఉంది.

"బ్యాగు ఎప్పుడూ ఇటే తగిలించుకుంటావా?" అన్నాను.

"లేదక్కా. మొదట్లో చాలా కష్టమైంది" అంది. "ఇప్పుడు నిద్రలో కూడా అలాగే ఉంటోందట. మా ఇంట్లోవాళ్లు చెప్పారు."

అయినా కొలత రాసుకున్నాను. ఆమె గోడ రంగు పేరు అడిగింది. చెప్పాను. నాన్న కుర్చీ ఎక్కడ కొన్నారని అడిగింది. చెప్పాను. తెర గుడ్డ ఎంత బాగుందో అంటే, మిగిలిన ముక్క పెట్టెలో పడి ఉందని తీసి ఇచ్చేశాను కూడా. అంత మర్యాదగా అడుగుతుంటే ఎందుకివ్వకూడదో తోచలేదు.

ఆ అలికిడికి చెల్లి లోపలినుంచి వచ్చింది. తనలా తయారైన మనిషిని చూసి మురిసిపోయింది. ఇద్దరూ నిలువుటద్దం ముందు పక్కపక్కన నిలబడ్డారు. అద్దంలోకి చూసి నేను చేతిలో సుద్ద జారవిడిచాను. అద్దంలో ఉన్న చెల్లి, బయట ఉన్న ఆ పిల్లలా ఉంది. ఆ పిల్ల అద్దంలో చెల్లిలా ఉంది. ఆ పిల్ల మా చెల్లి మొహంలోకి చాలాసేపు చూసి, జాలిగా అంది. "వీడియోలో ఇంకా బాగుంటారండీ మీరు."

ఆమె వెళ్లాక "ఎక్కణ్ణుంచి దొరికిందే ఈ జిరాక్సు?" అన్నాను. ఆ పేరే ఖాయమైపోయింది.

"అంత అభిమానం అక్కా" అంది చెల్లి. అద్దం ముందునుంచి కదల్లేదు. తన ఎడమబుగ్గ మీద మచ్చను వేలితో రుద్దుకుంటూ నిలబడింది.

మర్నాడు ఫోనులో ఏదో మార్చి, ఉన్నది ఉన్నట్టు వీడియో తీసింది. జేబు జేబు చోట, మచ్చ మచ్చ చోట. పొద్దున్న పెట్టింది. మధ్యాహ్నానికల్లా తీసేసింది. జబ్బు చేసిందా, మొహం వంకర పోయిందేంటి, ఇది నువ్వు కాదు, ఆవిణ్ణి పిలువు అని రాశారట.

"అక్కా, నా మొహం వంకరా?"

"అందరివీ వంకరే. ఎవర్నయినా నడిమికి మడిచి చూడు, రెండు సగాలూ కలవవు. గుడ్డయినా అంతే, మనిషయినా అంతే" అన్నాను.

"నువ్వు రోజూ చూస్తావు కాబట్టి తెలియదు" అంది. పుట్టినప్పటినుంచి చూస్తున్నదాన్ని కాబట్టే తెలియదట నాకు. ఒళ్లు మండింది. దానికంటే ఎక్కువ భయమేసింది.

వానలు సగంలో ఉండగా పెద్ద వీధిలో కొత్తగా తెరుస్తున్న బట్టల దుకాణంవాళ్లు చెల్లిని పిలిచారు. రిబ్బను కత్తిరించాలి, వచ్చినవాళ్లతో ఫొటోలు దిగాలి. చెల్లి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. దానికోసం పొగరంగు గౌను కుట్టాను. జేబు ఎడమవైపే పెట్టాను. నా చెల్లికి నేను తప్పు కుట్టు కుట్టను.

మేం వెళ్లేసరికి దుకాణం ముందు గొడుగులే గొడుగులు. గుమ్మం పక్కన నిలువెత్తు బోర్డు మీద చెల్లి బొమ్మ, కుడిబుగ్గ మీద మచ్చతో. జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ వెళ్లాం. ఒక్కరు కూడా దాని వంక తలతిప్పలేదు. గుంపంతా మెట్ల దగ్గర ఉంది. నడుమ జిరాక్సు నిలబడి ఉంది, పొగరంగు గౌనులో.

నిజం చెప్పాలి. నేను దూరంనుంచి చూసి, "అదేంటి, ఇప్పుడే కదా నా పక్కన ఉంది, అంతలో అక్కడికెలా వెళ్లింది" అనుకున్నాను. పక్కన నా చెయ్యి పట్టుకునే ఉంది చెల్లి.

జిరాక్సు మమ్మల్ని చూసి అందరికీ చెప్పింది. "అయ్యో, నేను కాదండీ, ఆవిడే అసలు." జనం ఘొల్లుమన్నారు. ఎంత వినయమో అన్నారు. చంటిదాన్ని ఎత్తుకున్న ఒకావిడ చెల్లి దగ్గరకొచ్చి మెచ్చుకోలుగా చెప్పింది. "నువ్వు కూడా బాగానే తయారయ్యావమ్మా. మచ్చ ఒక్కటే అటువైపు పెట్టుకున్నావు."

నేను ఊరుకోలేదు. దుకాణం మేనేజరును పట్టుకున్నాను. "ఇదండీ మా చెల్లి. మీరు పిలిచింది దీన్ని. నేను టైలర్ని, ఈ గౌను నేనే కుట్టాను."

ఆయన మర్యాదస్థుడే. బోర్డు వంక, చెల్లి వంక రెండుసార్లు మార్చి చూశాడు. "మరి ఆవిడ గౌను ఎవరు కుట్టారమ్మా?"

"అదీ నేనే."

నేను చెల్లిని కుదిపాను. "ఫోను తీసి చూపించవే!"

"ఏం చూపించను?" అంది చెల్లి. "ఫోనులో ఉన్నది ఆమే కదక్కా."

లోపల రిబ్బను కత్తిరించారు. చప్పట్లు వినపడ్డాయి. మేం వానలో నడిచి ఇంటికొచ్చాం. గొడుగు చేతిలో ఉన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

ఆ తర్వాత పదిహేను రోజులు మా ఇంట్లో ఏం జరిగిందో పైనుంచి చూసేవాళ్లకు అర్థం కాదు. గొడవ లేదు, ఏడుపు లేదు. చెల్లి పాపిడి పక్క మార్చింది. గడియారం చెయ్యి మారింది. సొంత మచ్చను పౌడరు కింద దాచి, కుడిబుగ్గ మీద పెన్సిలుతో చుక్క పెట్టుకుంది. నీళ్ల గ్లాసు ఎడమచేత్తో ఎత్తేది. రోజంతా అద్దం ముందు నిలబడి సాధన చేసి, అటునుంచి ఇటు తిరగ్గానే గుమ్మం ఎటుందో తెలియక తలుపు చెక్కకు కొట్టుకునేది. నుదుటి మీద రెండు బొప్పులు కట్టాయి.

కుడివైపు జేబుతో గౌను కుట్టమంది. కుట్టనన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు టేపు తీసి, "రా, చావు" అన్నాను.

భుజాలు కొలిచాను. టేపు తీసి, మళ్లీ పెట్టి కొలిచాను. ఎడమ భుజం పైకొచ్చింది. కుడిది అరంగుళం కిందికి జారింది.

"నిటారుగా నిలబడవే."

"నిలబడే ఉన్నానక్కా."

పుట్టినప్పటినుంచి నా వేళ్లకు తెలిసిన భుజం ఆ గదిలో లేదు. అద్దంలో మాత్రం ఉంది. అటువైపునుంచి నన్నే చూస్తోంది. నేను అద్దం మీద దుప్పటి కప్పేశాను. పుస్తకంలో కొత్త కొలత రాయడానికి చెయ్యి రాలేదు, ఆ పేజీ అలాగే వదిలేశాను.

వానలు వెనకపట్టు పట్టిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం నేను తెర వెనక ఒక గౌనుకు అంచు సరిచేస్తున్నాను. పెదాల మధ్య నాలుగు గుండుసూదులున్నాయి. నాన్న కుర్చీలో, చేతులు ఒళ్లో. చెల్లి బయటకెళ్లి వచ్చింది. గొడుగు ముడుస్తూ గుమ్మంలో నిలబడింది. ఆయనకు మొహాలు మసకే. ఎడమా కుడీ మాత్రం ఎప్పుడూ మసకబారలేదు. యాభై ఏళ్లు వాటితోనే బతికినవాడు.

"ఎవరమ్మా?" అన్నాడు.

చెల్లి ఆగిపోయింది.

"కుట్టుపనికా? కూర్చో తల్లీ. పెద్దమ్మాయి లోపలుంది, వస్తుంది."

నేను పలకాలనుకున్నాను. నోట్లో సూదులు. ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చుతున్నాను.

"చిన్నమ్మాయి కోసమా?" అన్నాడు నాన్న. "అది లేదమ్మా. ఈమధ్య ఇంట్లో ఉండటం లేదు. ఎటు పోతోందో అడిగితే పెద్దది చెప్పదు." ఆమెకు ధైర్యం చెబుతున్నట్టు అన్నాడు. "వచ్చేస్తుందిలే. కూర్చో."

చెల్లి కూర్చుంది. బేరగాళ్లు కూర్చునే స్టూలు మీద, గొడుగు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. గొడుగు నుంచి నీళ్లు కారి నేల మీద మడుగు కట్టాయి. తెర సందులోంచి చూస్తున్నాను. సూదులన్నీ తీసేశాను, తెర మాత్రం తీయలేదు.

"పేపరు చదవడం లేదా?" అని అడిగింది చెల్లి. గొంతు కూడా దానిది కాదు.

"ఇక్కడ పేపరు కనపడకూడదటమ్మా. ఊరికే కూర్చోవడం నేర్చుకున్నాను. అదీ ఒక పనే, అలవాటైతే" అన్నాడు నాన్న, నవ్వుతూ.

చెల్లి లేచి వంటగదిలోకి వెళ్లింది. దొంతరలోంచి ఆ రోజు పేపరు తీసి, మడత విప్పి, తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. పెన్సిలు కూడా వెతికి తెచ్చి చేతికిచ్చింది.

"చల్లగా ఉండు తల్లీ. ఎవరి పిల్లవో" అని నాన్న పేపరును ముక్కుకు ఆనించుకున్నాడు.

పెరట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది. అది చాలాసేపు ఆగలేదు. తిరిగొచ్చినప్పుడు దాని కుడిబుగ్గ రుద్దీ రుద్దీ ఎర్రగా కందిపోయి ఉంది. పాపిడి మళ్లీ పాతవైపుకు వచ్చింది. "నాన్నా, ఆకలేస్తోంది" అంది.

"వచ్చావా! ఎవరో అమ్మాయి నీకోసం చూసి చూసి వెళ్లిపోయింది. మంచి పిల్ల" అన్నాడు నాన్న.

ఆయనకు ఆ సంగతి చివరిదాకా మేం చెప్పలేదు. చెల్లి ఆ తర్వాత ఒక్క వీడియో తీయలేదు. మందుల దుకాణంలో పనికి కుదిరింది. మచ్చ తిరిగి వచ్చింది, గడియారం తిరిగి వచ్చింది. భుజం రాలేదు. ఇప్పటికీ దాని బట్టలకు కుడివైపు అరంగుళం తగ్గించే కుడతాను.

వీడియోలు మాత్రం ఆగలేదు. పేరులో ఒక్క అక్షరం తేడాతో వస్తూనే ఉన్నాయి. అది తాను కాదని చెల్లి ఒకసారి రాసింది. అసూయ అన్నారు, ఊరుకుంది. అదే గోడ రంగు, అదే తెర, అదే మిషను, అన్నీ మా గదికి అటుది ఇటు. వెనకాల ఎవరో ఒకావిడ వీపు తిప్పుకుని కూర్చుని బట్ట కత్తిరిస్తుంటుంది, ఎడమచేత్తో. ఎడమచేతి కత్తెర దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఎక్కడ సంపాదించారో తెలియదు. జిరాక్సు కెమెరా అక్షరాలను తిరగెయ్యదు. అందుకని గోడ మీద క్యాలెండరు కూడా ఉంది.

మరుసటి ఏడు చలికాలంలో నాన్న పోయాడు. నిద్రలోనే పోయాడు, పక్కన సున్నాలు చుట్టిన పేపరు ఉంది. అదొక్కటి మాకు ఓదార్పు.

రెండేళ్లు గడిచాక ఒక వీడియోలో మూలన కుర్చీ కనపడింది. కుర్చీలో ఒక పెద్దాయన. మొహం కనపడదు. పేపరును ముక్కుకు ఆనించుకుని చదువుతున్నాడు. చెల్లి ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. నేను తీసెయ్యమనలేకపోయాను. మేం తీసేసుకున్న పేపరు ఆయనకు అక్కడ దొరికింది. ఇద్దరం చివరిదాకా చూసి మళ్లీ మొదటినుంచి చూశాం. ఆ తర్వాత రోజూ చూశాం.

కొద్దిరోజులకు ఒక పార్సెలు వచ్చింది. లోపల మూడు గజాల తెల్లగుడ్డ, ఒక కొలతల కాగితం. పంపినవాళ్ల పేరు లేదు. మగచొక్కా. ఛాతీ, భుజం, చెయ్యి. ఆ అంకెలు నావే. పుస్తకం వీడియోను ఆపి ఆపి, తిరగబడ్డ నా గీతల రాతను అక్షరం అక్షరం కూడబలుక్కున్నట్టుంది. కింద నా మాటే ఉంది. "కాలరు అరంగుళం వదులు. పేపరు చదివేటప్పుడు మెడ వంచుతాడు." దాని కింద ఇంకొక్క ముక్క. "జేబు కుడివైపు."

"తిప్పి పంపించేద్దాం" అన్నాను.

"కుట్టవా?" అంది చెల్లి.

దాని మొహం చూశాను. కుట్టాను. కాజాలు అది తీసింది. కుడివైపు జేబు పెడుతుంటే అందులో నాన్న పెన్సిలు ముక్క పెట్టి పంపాలనిపించింది. పెట్టలేదు.

వారం తిరక్కుండా ఆ చొక్కా వీడియోలోకి వచ్చింది. కాలరు ఎక్కడా బిగవలేదు. పెద్దాయన మెడ వంచి, పేపరు ముక్కుకు ఆనించుకుని కూర్చున్నాడు. చెల్లి చూసి చూసి, కింద ఒక ముక్క రాసింది. "పేపరు అంత దగ్గరగా పెట్టుకోవద్దని చెప్పండి, కళ్లు పోతాయి."

మర్నాడు కొత్త వీడియో వచ్చింది. పెద్దాయన పేపరును ముక్కు దగ్గర్నుంచి జరిపి, మూరెడు ఎడంగా పట్టుకుని, బుద్ధిగా చదువుతున్నాడు.

మా నాన్న బతికున్నన్నాళ్లూ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా ఆ మాట వినలేదు.

"ఈయనెవరో అక్కా" అంటూ ఫోను బోర్లా పెట్టి, ఏడవడం మొదలుపెట్టింది. నాన్న పోయినరోజు కూడా అది అంత ఏడవలేదు.